నాలుగింతల చోటు

ఫ్లోర్యాన్ దెమ్షార్ దాన్ని
ఉన్ని మేజోడులో చుట్టి తెచ్చాడు.
కళ్ళజోడు పెట్టె అంత కంప్యూటర్.
మూత తెరిస్తే తేనె వాసన.
మీటల సందుల్లో
తేనెటీగల జిగురు గోధుమరంగున గట్టిపడి ఉంది.

"మెమరీ నిండిపోయిందంటోంది.
పద్దెనిమిదేళ్ళుగా అంటూనే ఉంది.
నేను వింటూనే ఉన్నాను."

బయట సోరా నది ఒడ్డున మార్చి నెల మంచు,
కరగాలా వద్దా అని ఇంకా తేల్చుకోలేదు.
వంటింటి బల్ల మీద రొట్టె పొడి తుడిచి
తెల్లగుడ్డ పరిచి
నాలుగు మరలు ఊడదీశాను.
ఐదోది పేరు చీటీ కింద దాక్కుని ఉంటుంది,
తెలియనివాళ్ళు అక్కడే విరగ్గొట్టేస్తారు.

రెండు మెగాబైట్లు.
ఇవాళ్టి ఒక్క ఫోటోకి కాళ్ళు చాపుకోను చాలదు.
అందులో ముప్పై ఒక్క పెట్టెల ఈగలు కాపురం ఉన్నాయి:
ఏ పెట్టె ఎంత తూగింది,
ఏ రాణి ఏ యేడు పుట్టింది,
దాని వీపు మీది చుక్క తెలుపా, పసుపా, ఎరుపా,
లిండెన్ చెట్లు ఎప్పుడు పూశాయి,
ఏ పొద్దున ఏ పెట్టెకు చెవి ఆనిస్తే
లోపల్నించి ఏమీ పలకలేదు.

"ముందు అన్నీ కేబులుతో బయటికి దించాలి" అన్నాను.
"చోటు పెంచాలంటే
ఒకసారి అంతా మరిచిపోనివ్వాలి దీన్ని.
పెద్ద బ్యాటరీలూ తీసేస్తాను, బిళ్ళ బ్యాటరీ కూడా."
టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు,
ఆపరేషన్ గది బయట కూర్చున్నవాడిలా.

దించడానికి నలభై నిమిషాలు,
ఒక్కో ఫైలునీ చెంచాతో తాగించినట్టు.
ఆ కాస్తలో, అడక్కుండానే చెప్పాడు:
ప్రతి అక్టోబరులో అన్నిటికన్నా పాత యేడుని
చెరిపేసేవాడట,
రాబోయే యేడు పట్టాలని.
"పాత పట్టు తీస్తేనే కదా కొత్త పట్టు."
అలా ఎన్ని యేళ్ళు?
వేళ్ళు మడిచాడు.
రెండు చేతులూ అయిపోయాక మానేశాడు.

ఇక మొదలుపెట్టాను.
పాత చిప్పు వీపు మీద కొత్తది,
దాని మీద ఇంకోటి, ఆ పైన ఇంకోటి,
జీలకర్ర కన్నా సన్నని కాళ్ళు
కాలు మీద కాలు ఆనించి అతకడం.
ఒక్కొక్కదానికీ ఒక్క కాలు మాత్రం
కిందిదాన్ని తాకకూడదు.
దాన్ని పైకి వంచి, వెంట్రుకంత తీగతో
వేరేచోట ముడేయాలి.
లేకపోతే ఒకర్ని పిలిస్తే నలుగురూ పలుకుతారు.

భూతద్దం కింద నా ఊపిరి నాకే అడ్డం.
రెండో అంతస్తులో సోల్డరు జారి
రెండు కాళ్ళని కలిపేసింది.
రాగి జడతో పీల్చి, మళ్ళీ పీల్చి, అరగంట.
టెలిఫోను కార్ఖానా మూసేసిన రోజున
జీతం బాకీ కింద ఇచ్చిన ఇనుము ఇది.
నాకన్నా దానికే ఓపికెక్కువ.

అతను వంగి అద్దంలోంచి చూశాడు.
"పెట్టె మీద పెట్టె" అన్నాడు,
"మా తేనెటీగల ఇంట్లోలాగే."

మూత పట్టలేదు. లోపలి ప్లాస్టిక్ గోడని
కత్తితో ఒక పొర చెక్కాను.
మీట నొక్కితే వెలిగింది.
ఏ దేశమని అడిగింది, తేదీ ఎంతని అడిగింది,
అప్పుడే పుట్టినదానిలా.
తరవాత ఎనిమిది చూపించింది.

పెట్టెలన్నీ తిరిగి ఎక్కించాను.
ముప్పై ఒకటీ వచ్చాయి.
అప్పుడతను కుర్చీని కిటికీ దగ్గరికి లాక్కుని
కొత్త ఫైలు తెరిచి
పందొమ్మిది వందల తొంభై ఎనిమిది అని కొట్టాడు.
ఒకటో పెట్టె. రాణి, ఎర్ర చుక్క.
(ఎనిమిదితో ముగిసే యేడు ఎవరికైనా ఎరుపే,
దానికి జ్ఞాపకం అక్కర్లేదు.)
బరువు, అని కొట్టి ఆగాడు.
గీత వెలుగుతూ ఆరుతూ ఉంది.
అది చెరిపి, వడగళ్ళు, జూన్, అని రాశాడు.
"జూనేనా?" అని నా వైపు చూశాడు.
నాకేం తెలుసు.
ఆ యేడంతా నేను కిటికీల్లేని గదిలో పనిచేశాను.

జూన్ పక్కన ప్రశ్నార్థకం పెట్టి
మేజోడులో చుట్టుకుని వెళ్ళాడు.
బల్ల మీద చెస్ట్‌నట్ తేనె, రెండు సీసాలు.

గుడ్డ దులుపుతుంటే ఐదో మర రాలింది.
ఫోన్ చేశాను.
"ఉండనీ" అన్నాడు, బస్సు చప్పుడులోంచి.
"జులై. అది జులై."