ఎవరూ తరమడం లేదు

మూడున్నరకి దిండు కింద ఫోను గుర్రుమంటుంది.
మహబూలా, నాలుగో అంతస్తు, ఆరు మంచాల గది.
చీకట్లోనే సాక్సు తొడుక్కోవడం నేర్చుకున్నాను.
లైటు వేస్తే గురప్ప తిడతాడు,
వెయ్యకపోయినా తిడతాడు,
"ఎవరు తరుముతున్నార్రా నిన్ను?" అని
దుప్పట్లోంచే.

నిజమే. ఎవరూ తరమడం లేదు.

కువైట్‌లో చలి అంటే మా పెద్దమ్మ నమ్మదు.
"ఎడారిలో చలేందిరా ఓబులేసూ" అంటుంది ఫోనులో.
సముద్రం మీద పొగమంచు లేస్తుందనీ
ఉత్తరపు గాలి చెవుల్లో సూదులు గుచ్చి పోతుందనీ
ఆమెకెట్లా చెప్పేది?
ఇరానీ రొట్టెల కొట్టు ముందు కాసేపు నిలబడతాను,
కొనడానికి కాదు, పొయ్యి సెగకి చేతులు కాచుకోడానికి.
"ఎన్ని కావాలి?" అని ముసలాయన
ఇప్పుడు అడగడం మానేశాడు.

ఎండాకాలం నాది కాదు.
యాభై డిగ్రీల్లో మిద్దెల మీద, ఏసీ యూనిట్ల నడుమ,
స్పానర్ ముట్టుకుంటే అరచెయ్యి బొబ్బలెక్కే నెలలవి.
ఎవరి పడగ్గదులో చల్లబడేందుకు
నేను ఉడికే నెలలు.
చలికాలమొక్కటే నాకు మిగిలింది,
శుక్రవారం సంతలో బేరమాడి తెచ్చిన
పదిహేడు దీనార్ల సైకిల్లాగ.
దాని గొలుసు మూడో గేరులో జారుతుంది.
జారినప్పుడల్లా దిగి, వేళ్ళకి గ్రీజు పూసుకుని,
మళ్ళీ ఎక్కుతాను.
పక్కనుంచి దూసుకుపోయే సైకిళ్ళు
నా ఏడాది జీతం కన్నా ఖరీదైనవి.
వాటికీ ఎదురుగాలే.

ఈత మాత్రం మా ఊరిది.
వీపుకి మునగబెండు కట్టి
మేనమామ దిగుడుబావిలోకి తోసిన ఈత.
నాలుగు గోడల మధ్యే తెలుసు దానికి.
ఇక్కడ గోడల్లేవు.
నారింజ రంగు బుడగ ఒకటి,
దానవతల, ఎక్కడో, ఇంకొకటి.
మొదటిరోజు నీళ్ళలో దిగితే
ఊపిరి గొంతులో మేకులా దిగబడింది.
పదిహేను బారలు వేసి తిట్టుకుంటూ వెనక్కొచ్చాను.
సెలూన్‌లో కత్తెర పట్టే రోడెల్
ఒడ్డున తువ్వాలు పట్టుకు నిలబడ్డాడు. నవ్వలేదు.
"రేపు పదహారు" అన్నాడు.

గోడకి మనీ ఎక్స్ఛేంజ్ వాళ్ళ క్యాలెండరు.
వెళ్ళిన రోజుకో గీత.
జనవరిలో పదకొండు గళ్ళు వరసగా ఖాళీ.
మూడు దుమ్ము తుఫాను,
నాలుగు జ్వరం,
మిగతా నాలుగింటికీ ఏ కారణమూ లేదు.
ఆ నాలుగే గుచ్చుకుంటాయి.

పన్నెండో రోజు ఫర్వానియాలో ఒక విల్లా మీదకెక్కాను.
"మూడు నెలలుగా ఎవరూ ముట్టుకోలేదు,
ఇప్పుడు కదలనంటోంది" అన్నాడు యజమాని.
విప్పి చూస్తే కంప్రెసర్ పట్టేసింది.
"చలికాలంలోనూ వారానికి పది నిమిషాలు తిప్పాల సార్,
చల్లదనం కోసం కాదు,
లోపల నూనె కదలడానికి."
నిచ్చెన దిగుతుంటే ఆ మాట
నాకే వినబడింది.

మర్నాడు పది నిమిషాలే పరిగెత్తాను.
పదకొండోది కాలేదు.

ఇష్టం రోజూ రాదు,
జీతంలాగ నెలకొకసారి వస్తుంది.
ఆ రోజు సముద్రం కూడా వెచ్చగానే ఉంటుంది.
మిగతా రోజులన్నీ ఉద్దెర మీద నడిపిస్తాను,
బూట్లు అడుగుతాయి, కాళ్ళు ఇస్తాయి,
మనసు పద్దు రాసుకుంటుంది, సణుగుతూ.

పోటీ మార్చిలో.
రోడెల్ నా పేరు కూడా రాయించాడు,
స్పెల్లింగు తప్పుతో.
ఎన్నో స్థానమని అడక్కండి.
రెండో బుడగ చుట్టూ తిరిగి
ఒడ్డు వైపు మొహం పెట్టాలి, అంతే.
తర్వాతది కాళ్ళు చూసుకుంటాయి.

నిన్న ఫోను చార్జింగ్ అయిపోయి చచ్చింది.
చీకట్లో ఎవరో నా మంచాన్ని తన్నారు.
"మూడు ముప్పావయింది, లెయ్యి,
నిన్నెవరో తరుముతున్నారు."
గురప్ప.
సాక్సు కోసం తడుముకుంటుంటే
లైటు కూడా తనే వేశాడు.

మిగతా నలుగురూ
మా ఇద్దర్నీ కలిపి తిట్టారు.