పై అధికారిని సంప్రదించండి

రుస్తావిలో, ఉక్కు ఫ్యాక్టరీ వెనక వీధి,
లిఫ్టు పనిచేయని ఐదో అంతస్తు.
ప్రింటర్ పలకడం లేదని కబురు పెట్టింది ఎతేరి.
నేను వెళ్ళేసరికి కుర్చీని కంప్యూటర్‌కి మూరెడు దూరం జరిపి
చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది,
ఎవరో కసురుకున్నట్టు.

“నా ఇల్లు. నా డబ్బుతో కొన్న యంత్రం, మిందియా.
పై అధికారిని సంప్రదించమంటోంది.
ఎవరాయన? ఏ అంతస్తులో ఉంటాడు?”

మీరేనండీ, అన్నాను.
నవ్వలేదు.

అమ్మిన కుర్రాడు పాస్‌వర్డ్ రాసిచ్చిన చీటీ
మౌస్ డబ్బా అడుగున దొరికింది.
ప్రింటర్ ఫైలు మీద రెండుసార్లు నొక్కాను.
తెర మొత్తం మసకబారింది.
కుక్కపిల్ల ఫొటో, పేకాట, సగం రాసిన ఉత్తరం
అన్నీ నీడలోకి తప్పుకున్నాయి.
మధ్యలో చిన్న పెట్టె ఒక్కటే వెలుగుతోంది:
ఈ ప్రోగ్రాం మీ కంప్యూటర్‌లో మార్పులు చేయవచ్చా?
అవును. కాదు.

నా వేలు అప్పటికే అవును మీద ఉంది.
రోజుకి నలభైసార్లు నొక్కే వేలు,
దానికి చదువు ఎప్పుడో మరపుకొచ్చింది.

“ఆగు,” అంది.
కళ్ళజోడు కొంగుకి కాదు, కర్టెన్‌కి తుడుచుకుని
ఒక్కో మాట కింద గోరు జరుపుతూ చదివింది.
“ఏం మార్పులు? రాయలేదు.
ఎవరు పంపారు? తెలియదని వాళ్ళే రాసుకున్నారు.
సంతకం లేదు, కారణం లేదు.
ఇలాంటి దరఖాస్తు నా కిటికీకి వస్తే
తలెత్తకుండా తిప్పి పంపేదాన్ని.”

ఏ కిటికీ, అన్నాను.
అడక్కుండా ఉండాల్సిందేమో.

ఊళ్ళో ఉండటానికి అనుమతులిచ్చే ఆఫీసులో
ముప్పై ఒక్క ఏళ్ళు.
జానెడు కిటికీ. ఇవతల ఆవిడ, అవతల వరస.
రెండు ముద్రలు:
ఒకదాని పిడి అరిగి నున్నబడింది,
రెండోది చివరిదాకా కొత్తగానే ఉంది.
ఏది ఏదో చెప్పలేదు.

శల్వా అని ఒకడు, కొండల మీంచి దిగొచ్చాడట.
ఫ్యాక్టరీలో పని దొరికింది,
అక్కగారింట్లో మంచం వేసుకుంటానన్నాడు.
గదికి ఇంతమందే అని లెక్క,
ఒక్క చదరపు మీటరు తక్కువైంది.
మళ్ళీ వచ్చాడు.
మూడోసారి వానలో వచ్చాడు,
చేతుల్లో నలిపే టోపీలోంచి నీళ్ళు కారుతున్నాయి.
నాలుగోసారి రాలేదు.
“టీ చల్లారిపోతోందని గబుక్కున కొట్టేశాను,
ఆ మూడోసారి.”

తెర ఇంకా మసగ్గానే ఉంది.
జవాబు చెప్పేదాకా అదంతే.
ఆవిడ దాన్నే చూస్తూ అంది:
“మేం ముద్ర కొట్టేటప్పుడు
గది ఇలా చీకటి పడేది కాదు, మిందియా.
పడి ఉండాల్సింది.”

గొంతు సవరించుకుని చెప్పాను,
రెండు ఖాతాలు పెడతానని.
ఒకటి అనుమతులిచ్చేది, ఒకటి రోజూ వాడుకునేది.
కిందిది ఏదైనా అడిగితే
పైదాని పాస్‌వర్డ్ కొట్టాలి.

“పైదానికి నా పేరు పెట్టు.”
పెట్టాను.
“కిందిదానికీ అదే.”
ఒకే పేరు రెండుసార్లు ఒప్పుకోదండీ.

“అయితే శల్వా,” అంది.
అక్షరాలు సరిగా కొట్టానో లేదో
వంగి చూసుకుంది.

నెల తిరక్కుండా మళ్ళీ కబురు.
కంప్యూటర్ నత్తలా పాకుతోంది.
తెరిచి చూస్తే
వాతావరణం చెప్పేవి మూడు, మూడూ మూడు రకాలుగా,
ఒక చేపల తొట్టి, రాశిఫలాలు, బోలెడు టూల్‌బార్లు,
మూలన కూర్చుని ఏదో తెలియని భాషలో
పలకరించే పచ్చ చిలక.
ఇవన్నీ ఎవరెక్కించారండీ?

పచ్చి అక్రోట్ల మురబ్బా నాకోసం సీసాలో సర్దుతూ,
“వాడు అడిగాడు,” అంది.
“నేను అవునన్నాను.”

తీసేయాలన్నా అనుమతి కావాలి.
ఒక్కోదానికీ తెర మసకబారింది,
ఒక్కోదానికీ ఆవిడ వచ్చి పాస్‌వర్డ్ కొట్టి వెళ్ళింది.
నేనూ ఈసారి మొదటి మాట నుంచి చదివాను.

చిలక దగ్గరికొచ్చేసరికి
ఆవిణ్ణి పిలవలేదు.
కాదు నొక్కాను.