పొట్టుతోని

ఎనుమాముల మార్కెట్ గేటు పక్కన నా భట్టి.
తెల్లారకముందే ఇసుక కాగాలె.
కాగిందో లేదో చెయ్యి పెట్టి చూడను,
నాలుగు సెనిగెలు ఏస్త, అవే చెప్తయి.
ఎగిరితే సరే. ఊకుంటే ఇంకో కట్టె.

ముప్పై ఏండ్లు పుట్నాలు ఏయించిన.
పొట్టు రాలేదాక రుద్దిన, చాటల చెరిగిన.
పచ్చటియి గిరాకికి,
పొట్టు సాంబయ్య మేకలకు.
బంగారం లెక్క మెరిస్తెనే కొంటరని
మా అత్త చెప్పింది. నేను ఎదురు అడగలే.

మార్చి నెల. యార్డుల ఎర్రటి మిర్చి గుట్టలు.
గాలి కూడ దగ్గుతది.
దడువాయి తుమ్ముకుంట లెక్క తప్పుతడు.
అడ్తిదారు మూతికి రుమాలు కట్టుకొని,
ఆ రుమాలు ఎనుక నుంచే ధర తగ్గిస్తడు.
బస్తాలు మోసేటోళ్ళకు పొద్దుగాలటి ఇడ్లీ
రెండో లారీకే అరిగిపోతది.

అండ్ల లఖిందర్ ఒకడు, బీహార్ పిలగాడు.
పుట్నాలు కాదు, పొట్టు అడిగిండు.
"ఎందుకురా, మేకవా?" అన్న.
నవ్విండు. వచ్చీరాని తెలుగుల
"పొట్టుతోని పట్టియ్యి అవ్వా,
పొట్టుల బలం ఉన్నది" అన్నడు.

గిర్నీ ఓదేలు గొణిగిండు, పట్టిండు.
మట్టిరంగు పిండి.
చెంబెడు నీళ్ళల్ల రెండు పిడికిళ్ళు,
ఉప్పు, నిమ్మకాయ, కోసిన ఉల్లిగడ్డ, పచ్చిమిరప.
ఎర్రకారం మాత్రం వద్దన్నడు,
పొద్దంత మోసేది అదేనాయె.
గటగట తాగి, మూతి తుడుచుకొని
నాలుగు గంటల దాక ఇటు మొకం తిప్పలే.

"దీని పేరేందిరా?"
"సత్తు."

నా చేతిల గరిటె ఆగింది.
సత్తంటే మాకు సద్దుల బతుకమ్మ నాడు
చెరువు గట్టు మీద అరచేతులల్ల పంచుకునేది.
మక్కపిండి, నువ్వులపిండి, పల్లిపిండి.
ఏడాదికొక్కనాడు మా నోట్లె తిరిగే మాట
వీని సంచిల రైలెక్కి ఎట్లొచ్చింది?

మా ఇంటాయనకు షుగరు.
గోలి ఏసుకుంటడు, పదకొండు కొట్టంగ
చేతులు వణుకుతయి, బిస్కెట్లు దేవులాడుతడు.
సల్లల మూడు చెంచాలు కలిపి ఇచ్చిన.
"మేకల దాణా పెడుతున్నవా?" అన్నడు.
తాగిండు.
ఆ వారం బిస్కెట్ పుడక ఇప్పలే.
గోలి మానుతనంటె మాననియ్యలే,
పిండి పిండే, మందు మందే.

అటెన్క అది ఇల్లంత పాకింది.
పులుసు పల్చనైతే కోడలు చెంచెడు ఏస్తది.
బెల్లం, నెయ్యి పట్టించి పిలగానికి ముద్ద చేస్తది.
మిర్చి తొడిమెలు తీసే ఆడోళ్ళు
మండే వేళ్ళకు పిండి రుద్దుకొని
అప్పుడు నీళ్ళు పోసుకుంటరు,
సబ్బుకు పోని మంట కొంచెం దానికి పోతదట.

సాంబయ్య వచ్చి ఊక ఏదని అడిగిండు.
"మనుషులు తాగుతున్నరు" అన్న.
మూడు దినాలు నాతోని మాట్లాడలే.

మొన్న సద్దుల నాడు
మక్కపిండిల ఇది కూడ కలిపిన.
తెల్లటి సత్తుల నడుమ నా పళ్ళెం ఒక్కటే
చెల్క మన్నులెక్క కనవడ్డది.
చిన్నకోడలు మెల్లగ చెవుల అడిగింది:
"మాడిందా అత్తమ్మా?"

మాడలే బిడ్డా.
దాని బట్ట దాని మీదనే ఉంచిన.