వచ్చే నెల పదో తారీఖు

నెల్లిమర్ల జూట్‌మిల్లు గోడ వెంబడి వీధి, మూడో ఇల్లు.
చెప్పులు బయటే విడిచాను.
సింహాచలమమ్మ స్టీలు గ్లాసుతో మజ్జిగ ఇచ్చింది.
తాగకముందే చెప్పేశాను:
ఫీజు మాఫీ, హాస్టలు ఉచితం, రోజుకి ఆరు గుడ్లు,
నెలకి అయిదు వేలు, పిల్ల చేతికే.

అయిదు వేలు అన్నప్పుడు
కరస్పాండెంటుగారి గొంతే నా నోట్లోంచి వచ్చింది.
నాకది కొత్తగా కూడా అనిపించలేదు.

సన్యాసిరావు మాత్రం నవ్వాడు.
లాకౌటు కాగితం కింద పదకొండు నెలలు నిలబడ్డ మనిషి.
"వొచ్చే నెలంతారు గావాల బావూ."
"అబ్బే, పదో తారీఖు" అన్నాను.
తారీఖు తగిలిస్తే ఎంత మాటైనా
ఉద్యోగస్తుడిలా కనిపిస్తుంది.

అంతకు ముందు రోజే రాజాం కాలేజీ నుంచి
గొర్లె ధర్మారావు మాస్టారు వచ్చి వెళ్ళారట.
"ఫీజు కట్టక్కర్లేదమ్మా, అంతే. డబ్బులివ్వలేం.
గుడ్లంటారా, మా ఇంటి కోళ్ళు పెట్టినన్ని" అన్నారట.
చెప్పి, మళ్ళీ నవ్వుకున్నారు ఇంటిల్లిపాదీ.
నేనూ నవ్వాను,
అందరికన్నా గట్టిగా.

బెవర ఝాన్సీ. యాభై తొమ్మిది కేజీల విభాగం.
మా రేకుల షెడ్డులో చేతులకి చాక్ పొడి రాసుకుని
బార్ ముందు ఒక్క క్షణం కళ్ళు మూసుకునేది.
ఎత్తిన బరువు తలమీద ఆపి
దించమనే దాకా దించకూడదు.
అది నేనే నేర్పాను.

పదో తారీఖు వచ్చింది, వెళ్ళింది.
ఆరు గుడ్లు దసరాకి మూడయ్యాయి,
సిరిమాను తిరిగిన వారానికి రెండు,
ఆదివారం అవీ లేవు.
"సారూ, బూటు మడమ ఊడిపోనాది" అంది.
"వచ్చే నెల" అన్నాను.
సైకిలు ట్యూబు ముక్క కట్టుకుని
ఆ సాయంత్రం డెబ్భై ఎనిమిది ఎత్తింది.

మార్చిలో ఆడిట్.
బల్లమీద పది ఓచర్లు, పది రెవిన్యూ స్టాంపులు,
ఒక్కోదాని మీదా అయిదు వేలు.
"మీరు చెబితే వింటుంది కదా మాస్టారూ,
సంతకాలు పెట్టించండి."
వింది.
రెండు స్టాంపులు ఊడిపోతే
నాలుకతో తడిపి తనే అంటించింది.
"ఇయ్యి ఎడితే డబ్బులిత్తారేటి సారూ?"
కిటికీ వైపు చూస్తూ తలూపాను.
నిలువునో అడ్డంగానో
ఇప్పటికీ నాకు తెలీదు.

వెండి పతకం వచ్చిన వారం గేటు దగ్గర ఫ్లెక్సీ లేచింది:
కరస్పాండెంటుగారు నిలువెత్తు, నేను నడుం దాకా,
మూల సున్నాలో ఝాన్సీ.
ఫ్లెక్సీ కుర్రాడికి ఆ సాయంత్రమే డబ్బిచ్చేశారు.

జూన్‌లో కాలేజీ తెరిచాక ఆమె రాలేదు.

జీపిచ్చి నన్ను గుర్ల వైపు పంపారు.
ఇంకో పెంకుటిల్లు, ఇంకో పిల్ల,
అదే అయిదు వేలు నాలుక మీద తడుస్తోంది.
గడప లోపల ఝాన్సీ కూర్చుని ఉంది.
చిన్నాన్నగారి ఇల్లట.
తిట్టలేదు. లెక్కల నోటుబుక్కులోంచి కాగితం చింపి
నా ముందు పెట్టింది.
"సెప్పకండి సారూ. రాయండి."

రాశాను.
ఫీజు మాఫీ. హాస్టలు ఉచితం.
గుడ్లు రెండు, ఆదివారం లేదు.
డబ్బులు ఇవ్వరు.
కింద సంతకం. స్టాంపు లేదు.

పిల్ల తల్లి కూడబలుక్కుని చదివి
కాగితం మడిచి గ్యాసు పుస్తకంలో పెట్టింది.
"అయితే రాజాం మాస్టారి దగ్గరికే అంపుతాం బావూ."
ఝాన్సీ నా వంక చూడలేదు.
చెల్లెలి అరచెయ్యి విప్పి
కాయలు ఎక్కడ కాస్తున్నాయో చూస్తోంది.

"ఒప్పుకున్నారా సార్?" డ్రైవరు అడిగాడు.
"లేదు."
మొక్కజొన్న ఆరబోసిన రోడ్డు మీద
ఒక పక్కగా జీపు కదిలింది.
పది ఓచర్లు, యాభై వేలు.
అది అలాగే ఉంది.