రెండో వార్డు: ఒకటి

బ్రానక్ కోర్టు నేలమాళిగలో
గంటకి పన్నెండు డాలర్ల కూలికి
పాత ఎన్నికల పద్దులు కంప్యూటర్‌కి ఎక్కిస్తున్నాను.
పక్కగదిలో బాయిలరు దగ్గుతుంటుంది.
పెన్సిల్వేనియా పటంలో వెతక్కండి,
ముప్పై ఏడో నియోజకవర్గం దొరకదు.
ముప్పై ఏళ్ళు బతికింది, పదిహేను ఎన్నికలు చూసింది.
జనాభా లెక్క చాల్లేదని
ఒక మంగళవారం ఎవరో రబ్బరుతో తుడిచేశారు.

మనిషి పోతే పదోరోజైనా ఉంటుంది.
నియోజకవర్గం పోతే
ఉత్తరం మీద చిరునామా కూడా మారదు.

1902. గని యజమాని ఎలియాస్ థ్రాక్‌మార్టన్.
ఓట్ల పెట్టె కంపెనీ దుకాణంలో, ఉప్పు బస్తాల పక్కన.
చీటీ చేతికిచ్చే ముందు
అప్పు పుస్తకం ఒకసారి తెరిచి చూపించేవాళ్ళట.
గెలిచాడు. మళ్ళీ గెలిచాడు. తర్వాత అల్లుడు గెలిచాడు.
1912లో అల్లుడి మీద బావమరిది గెలిస్తే
ఊరు దాన్నే మార్పు అనుకుంది.

1918 పేజీకి ఇంకా కర్పూరం వాసన.
ముక్కులకి గుడ్డలు కట్టుకుని లెక్కపెట్టారు.
జాబితాలో నూట నాలుగు పేర్ల ఎదురుగా
"రాలేదు" అని కాదు,
"లేరు" అని ఉంది.

ప్రతిసారీ అట్టడుగున ఒకే పేరు:
కాజిమీర్ బుద్రిస్, దర్జీ, వంతెన వీధి.
1908 నుంచి పన్నెండుసార్లు నిలబడ్డాడు,
పన్నెండుసార్లూ పడ్డాడు.
మన దగ్గరైతే డిపాజిట్టు గల్లంతు అనేవాళ్ళం.
అక్కడ కట్టే ఆచారమే లేదు గనక
పోయింది జోళ్ళ అడుగులే.
గనిలోకి గాలిమరలు దించండి, అదొక్కటే అతని మాట.
దండిగా వచ్చిన ఏడు మూడువందల పద్దెనిమిది ఓట్లు.
రెండో వార్డులో మాత్రం ఎప్పుడూ సున్న.
రెండో వార్డంటే కొండమీది ఇళ్ళు,
పియానోలు, మసి అంటని తెరలు.

సున్న. సున్న. సున్న.
1920: ఒకటి.

ఆడవాళ్ళు మొదటిసారి ఓటేసిన ఏడు.
1922: ఒకటి. 1924: ఒకటి.
1926లో మంచు మోకాలిదాకా పడి
వార్డు మొత్తానికి నలభైమందే వచ్చారు.
అందులోనూ ఒకటి.

తర్వాత కొత్త గీత వచ్చింది.
రాత్రికి రాత్రి గట్టు జరిపితే
మన పొలాల్లో కర్రలు లేస్తాయి.
ఇక్కడ పేపర్లో నాలుగో పేజీన చిన్న పటం వేశారు, అంతే.
టానర్ వాగు వెంబడి వచ్చి
వంతెన వీధిని నడిమికి కోసింది గీత:
దర్జీ కొట్టు ఒక సీటులో,
అతను నీళ్ళు పట్టుకునే పంపు ఇంకో సీటులో.
బుద్రిస్ మరి నిలబడలేదు.
ఎటు నిలబడాలో తోచలేదో,
కొలతల టేపు మెళ్ళోనే బరువైందో.

ఇక్కడితో నా పని అయిపోవాలి.
అట్ట వెనక జేబులో ఒక కవరు తగిలింది.
చెల్లని ఓట్లు, ఎనిమిది.
1932 నుంచి 1946 దాకా, ఎన్నికకి ఒకటి.
అచ్చేసిన పేర్లన్నీ వదిలేసి
కింద ఊదా పెన్సిలుతో
"37. కె. బుద్రిస్."
ఆ ఏడు అంకె తోకకి చిన్న కొక్కెం.

ఆ కొక్కెం నాకు తెలుసు.
మూడు వారాలుగా దానికే తగులుకుంటున్నాయి నా కళ్ళు.
1912 తర్వాత ఈ పద్దులో ప్రతి ఏడుకీ ఉంది.
గుమస్తా హెస్టర్ పగ్. జీతాల పుస్తకంలో
చిరునామా: రెండో వార్డు.
పగలు తానే రాసి, మడిచి, పెట్టెలో వేసింది.
రాత్రి పెట్టె తెరిచి, మడత విప్పి,
ఎర్ర సిరాతో అడ్డంగా తానే రాసింది: చెల్లదు.
కింద సంతకం, తేదీ.
చెయ్యి ఎక్కడా వణకలేదు, నేను భూతద్దం పెట్టి చూశాను.

కంప్యూటర్లో రెండే గడులు.
చెల్లనివాటిలో ఒకటి అని కొట్టాను.
సంవత్సరం? 1932.
నియోజకవర్గం?
ముప్పై ఏడు.
ఎర్రగా మెరిసి, లేదంది.
చొక్కా చేతులు పైకి మడుచుకుని
మళ్ళీ కొట్టాను.