ఏడో రీలు

నీకు బాగా నచ్చిన సినిమా ఏందని అడిగితే
నేను చెప్పేది ఎవరూ ఒప్పుకోరు.
ఏడో రీలు లేని సినిమా అంటాను.

మార్కాపురంలో ఒక హాలు, పొదిలిలో ఒక హాలు,
పెట్టె మాత్రం ఒకటే.
రీళ్ళు మోసే మోపెడ్ కుర్రోడు
కొనకనమిట్ల దగ్గర పంచరై కూచున్నాడు.
ఆపరేటరు మటుకు ఎంతసేపని ఆగుతాడు,
ఆరు తర్వాత ఎనిమిది ఎక్కించేశాడు.
ఏట్లో కొట్టుకుపోయిన చెల్లెలు
మరుసటి సీనులో కాఫీ కలుపుతా ఉంది.
హాలంతా ఈలలు.
ఎట్టా బతికింది?
మా బెంచీలో నలుగురం నాలుగు కతలు కట్టాం.
గాలెయ్యదే బాగుంది:
ఆ పిల్లకి ఈత వచ్చని
ఇంట్లో ఎవరికీ తెలీదంట.

చాన్నాళ్ళకి ఫోన్లో సినిమా మొత్తం దొరికింది.
ఎవరో జాలరి వచ్చి కాపాడతాడు.
అంతే.
గాలెయ్య తీసిన ఏడో రీలే అసలుది.

హీరోలకంటే నాకు
విలను వెనకాల నిలబడే మూడో మనిషి ఇష్టం.
ఒక్క డైలాగు ఉండదు.
పూల చొక్కా, చేతికి సైకిల్ చైను.
మొదటి గుద్దుకే గడ్డివాములో పడతాడు,
పై శుక్రవారం ఇంకో సినిమాలో
అదే చొక్కాతో లేస్తాడు.
ఎన్ని ప్రాణాలో ఆయనకి!

మాకు మూడే.
స్లేట్ల ఫ్యాక్టరీ ఎదురు సందు,
జిలానీ అన్న గేముల కొట్టు.
రెండు టీవీలు, నాలుగు జాయ్‌స్టిక్కులు,
ఒకదానికి కుడి మీట పనిచెయ్యదు
(అది చిన్నోళ్ళకి అంటగట్టేవాళ్ళం).
గంటకి ఐదు రూపాయలు.
పేరూ టైమూ పలక మీద రాసేవాడు.
మా ఊళ్ళో పలకలకేం కరువు,
అంచు విరిగినవి బస్తాలకు బస్తాలు.

ఆ ఆటలో ఒక పొట్టి సిపాయి.
మంటల మీదుగా దూకుతా పోతాడు.
ఎక్కడికి, ఎవరికోసం, అంతా
మొదట్లో ఇంగ్లీషులో పడేది.
మేం ఒక్కసారీ చదవలా, మీట నొక్కి దాటించాం.
వాడికి ఇల్లు లేదేమో అనుకునేవాణ్ణి నేను.
కాదురా, నీళ్ళకి పోతా ఉండాడు, అన్నాడు గాలెయ్య.
మార్కాపురంలో పుట్టినోడు ఇంకేమంటాడు.

ఎనిమిదో కోట.
అప్పటిదాకా ఎవరం అడుగుపెట్టలా.
ఫ్యాక్టరీ నుంచి నేరుగా వచ్చాడు గాలెయ్య,
పలక పొడికి మోచేతులదాకా బూడిద రంగు.
సందులో సైకిళ్ళు ఆపి జనం చూస్తా ఉండారు.
చివరి తలుపు. ఒకటే ప్రాణం.
కరెంటు పోయింది.

ఎవరూ అరవలా.
ఫ్యాను ఆగిపోవడం కూడా వినబడింది.
జిలానీ అన్న అగ్గిపుల్ల గీసి
పలక మీద రాశాడు:
గాలెయ్య. 8. బాకీ 12 ని.

ఇప్పటి ఆటలు బాగుంటయ్, బాగలేవని నేననను.
గాలికి గుర్రం జూలు కదులుతుంది.
చచ్చిన చోటే లేస్తారు,
మళ్ళీ మొదటి కోట నుంచి నడవక్కర్లా.
మా మేనల్లుడు ఓ ఐదు నిమిషాలు ఇస్తాడు,
మామా, గోడని గుద్దుతా ఉండావు, అని
ఫోను లాక్కుంటాడు.

గాలెయ్య బోరు లారీ మీద ఉండాడు.
కనిగిరి, పామూరు, వెలిగండ్ల.
తొమ్మిది వందల అడుగుల కాడ అర్ధరాత్రి ఫోన్ చేస్తాడు:
ఇంకా దుమ్మేరా.
రైతు ఇంకో నాలుగు పైపులు దింపమంటా ఉండాడు.
నేనేమనాలో తెలీక
నిన్న చూసిన సినిమా కత చెప్తాను,
చివర మాత్రం చెప్పను. వాడే కడతాడు.

మొన్న చార్జరు కోసం పోతే
కొట్టు నిండా హెల్మెట్లు.
జిలానీ అన్నకి గడ్డం తెల్లబడింది.
అన్నా, మావాడికి నువ్వు బాకీ, అన్నాను నవ్వుతా.
ఎవడికి?
గాలెయ్యకి. పన్నెండు నిమిషాలు.
చార్జరు కవరులో పెడతా ఆగాడు.
పన్నెండు కాదబ్బయా, పదిహేను.

బయటికొచ్చి వెంటనే ఫోన్ కొట్టాను.
ఆ పక్కన మిషను మోత.
ఒరే, పదిహేనంట!
ఏందీ?
పదిహేనంటరా, పన్నెండు కాదు!
వినబళ్ళా, గట్టిగా చెప్పు,
ఇక్కడ తడి మట్టి పడతా ఉంది.