పన్నెండు సెకన్ల పెన్న

పగలంతా బండల లెక్క రాస్తాను.
రెండుకు రెండడుగులవి, పాలిష్ పట్టినవి, నూట నలభై.
మూల విరిగినవి పదకొండు, అవి వేరే కుప్ప.
రాత్రి తొమ్మిది దాటినాక
తాడిపత్రిలో కరెంటు నిలకడగా ఉంటే
బొమ్మను బండలుగా కోస్తాను.
అడ్డం ఎనిమిది చుక్కలు, నిలువు ఎనిమిది.

కోడెక్ అంటారు దీన్ని.
కదిలే బొమ్మను మడిచి పెట్టి మళ్ళీ విప్పే పని.
ఇంటి ఓనరు కుళ్ళాయమ్మకు
ఇంతకన్నా బాగా చెప్పలేకపోయాను.
"ఫోన్లో బొమ్మలు బాగనే ఆడతాండాయి గదప్పా,
మళ్ళీ నువ్వు జేసేదేంది?" అంది.
ఊరగాయ అంగట్లో దొరుకుతుంది కదా, మీరెందుకు పెడతారని
అడగబోయి ఊరుకున్నాను.
ఆమె పెట్టేది నిజంగానే బాగుంటుంది.
నాది అట్లా కాదు.

పరీక్షకు ఒకే ఒక్క వీడియో.
వంతెన మీంచి తీసింది, పన్నెండు సెకన్లు, ఏప్రిల్ నెల పెన్న.
ఇసుక. ఇసుక. అవతల కంపచెట్లు.
మిషన్ మీద పనిచేసే షేక్షావలి
సైకిల్ నెట్టుకుంటూ ఎడమ నుంచి కుడికి పోతాడు.
అంతే కథ.
నీళ్ళు లేని నదికి బిట్లు ఖర్చు కావు.
మొదటి ఫ్రేములో ఒకసారి చెబితే చాలు,
తర్వాతంతా ముందున్నట్టే, ముందున్నట్టే అని
సున్నాలు పెట్టుకుంటూ పోవచ్చు.
షేక్షావలిని కూడా మళ్ళీ గీయనక్కర్లేదు,
ఇందాకటి మనిషే, నాలుగు చుక్కలు కుడికి జరిగాడంటే సరి.

ఆగస్టు దాకా అతన్ని ఏరు దాటించలేకపోయాను.
మూడో సెకనుకు చొక్కా కరిగేది.
ఐదో సెకనుకు వెనక చక్రం ఇసుకలోనే ఉండిపోయేది,
అతను అది లేకుండానే ముందుకు పోయేవాడు.
చివరికి మనిషి ఉండాల్సిన చోట
నీలంగా ఒక మరక, గాలి లేకుండా వణుకుతూ.
ప్లస్సు మైనస్సు ఎక్కడో తిరగేశానని
పదిహేడు రాత్రులు వెతికాను.
ఒకరోజు అతనికే చూపించా, మిషన్ ఆపించి.
కళ్ళజోడు మీది రాతిదుమ్ము తుడుచుకుని చూసి
"నన్నెవరో నీళ్ళల్లో జాడిచ్చినట్టుండాది సారూ" అన్నాడు.

తప్పు వేరే చోట ఉంది.
అడుగడుక్కీ నేను అసలు బొమ్మను చూసి లెక్క కడుతున్నాను.
విప్పేవాడి దగ్గర అసలు బొమ్మ లేదు.
వాడి చేతిలో ఉన్నది నేను పంపిన అరకొర,
అంచులు అరిగిన బండ.
నాకు కనబడేదాని నుంచి నాలుగు చుక్కలని నేనంటే
తనకు కనబడేదాని నుంచి వాడు జరుపుకుంటాడు.
ఫ్రేముకొక వెంట్రుకంత తేడా.
మూడొందల ఫ్రేములకు మనిషి మనిషి కాకుండా పోతాడు.
అవతలివాడికి ఎంత అందిందో
ముందు నేనే విప్పి చూసుకోవాలి.
అక్కణ్ణుంచి మాట మొదలుపెట్టాలి.

నాలుగు లైన్లు మార్చాను.
రాత్రి రెండుంబావుకు షేక్షావలి పెన్న దాటాడు,
రెండు చక్రాలతో, చొక్కాతో.
చెప్పడానికి ఎవరూ మేలుకొని లేరు.
చెంబెడు నీళ్ళు తాగి పడుకున్నా.

అక్టోబరులో వాన.
ఎగువన గేట్లెత్తారట,
గట్టు నుంచి గట్టుకు ఎర్రటి నీళ్ళు, వంతెన నిండా జనం.
గొడుగు కింద ఫోను పట్టుకుని
నేనూ పన్నెండు సెకన్లు తీశాను.
ఏ ముక్కా ముందున్న ముక్కలా లేదు.
ప్రతి సుడీ కొత్త మాటే,
వెతికి వెతికి దేనికీ పాత చోటు దొరకలేదు.
ఎండిన నది నూట ఎనభై కిలోబైట్లు.
ఇది పదకొండు మెగాబైట్లు.
ఇంకా నొక్కితే నీళ్ళు గచ్చయిపోతున్నాయి,
సందులు కనబడేలా పరిచిన బండల గచ్చు.
పగలు చూసేది చాలదా నాకు?
నొక్కడం మానేశాను. ఉబ్బనీ.

కుళ్ళాయమ్మ వెనక నిలబడి చూస్తోంది.
స్క్రీను అడుగున పచ్చటి పట్టీ ఒకటుంది,
బొమ్మ ఎత్తును ఎనిమిదితో భాగిస్తే ఆరు మిగిలే చోట.
"నీళ్ళొచ్చి రెండు దినాలు గాలేదు,
ఈ గట్టున అప్పుడే గడ్డి మొల్సిందే!" అంది.
ఔనన్నాను.
దిద్దాలి దాన్ని.
ఈ వారం కాదు.